లివర్ జబ్బులో లాక్టులోజ్ సిరప్పు వాడుతున్నా తికమక మళ్లీ మళ్లీ వస్తోంది, సీటీలో 14 మి.మీ. స్ప్లీనోరీనల్ షంట్ (స్ప్లీన్ దగ్గర నుంచి కిడ్నీ సిరలోకి రక్తం పోయే పక్కదారి) ఉంది. మూయించాలా, వద్దా?

మియాపూర్ అల్లుడు:

మా మామగారికి 61 ఏళ్లు, బరువు 68 కిలోలు. షుగరు, ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ అయింది. ఏడు నెలల్లో నాలుగుసార్లు మనిషి తికమకపడిపోయి అడ్మిట్ చేయాల్సి వచ్చింది. లాక్టులోజ్ 30 మి.లీ. రోజుకు మూడుసార్లు, పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్ 550 మి.గ్రా. రెండు పూటలా తప్పకుండా పడుతున్నాయి. రక్తపు వాంతి ఎన్నడూ లేదు, పొట్టలో నీరు లేదు. బిలిరుబిన్ 1.6, ఆల్బుమిన్ 3.2, ఐఎన్ఆర్ 1.3, క్రియాటినిన్ 0.8, సోడియం 137. ఎండోస్కోపీలో అన్నవాహికలో చిన్న వేరిసెస్ (ఉబ్బిన సిరలు) మాత్రమే కనిపించాయి. ఈ వారం తీసిన సీటీ రిపోర్టులో "14 మి.మీ. స్ప్లీనోరీనల్ షంట్, పోర్టల్ వెయిన్ 8 మి.మీ." అని రాశారు. ఒక డాక్టర్ గారు షంట్ మూయిస్తే తికమక తగ్గుతుందంటున్నారు, ఇంకొకరు దాన్ని ముట్టుకోవద్దంటున్నారు. ఎవరి మాట ఎందుకు అలా ఉందో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

వార్డు డ్యూటీ:

మీరిచ్చిన అంకెలతో లెక్కేస్తే మెల్డ్ స్కోరు, అంటే లివర్ జబ్బు ఎంత ముదిరిందో చెప్పే అంకె, 11 వస్తుంది. లివర్ ఈ మాత్రం పనిచేస్తున్న మనిషికి, మందులు ఆపకుండానే నాలుగుసార్లు తికమక రావడం మామూలు సంగతి కాదు. ఇలాంటివాళ్లలో పెద్ద షంట్ కోసం వెతకాల్సిందే. వెతికి పట్టుకోవడం మంచిదైంది.

అయితే నేరమంతా షంట్ మీద వేసే ముందు ఆ నాలుగు డిశ్చార్జ్ సమ్మరీలూ ముందు పెట్టుకుని, ప్రతి అడ్మిషన్‌కి ముందు రెండు రోజులు ఏం జరిగిందో రాసుకోండి. మోషన్ ఎన్నిసార్లు అయింది? మలం తారులా నల్లగా వచ్చిందా? యూరిన్‌లో మంట ఉందా? ఆ రోజు సోడియం, పొటాషియం ఎంత? పొటాషియం తగ్గితే, ఈ తికమకను తెచ్చే అమ్మోనియాను కిడ్నీయే ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అందుకే నీరు తీసే మాత్రల డోసు ఎక్కువైనా తికమక వస్తుంది.

నిద్రమాత్రల సంగతి మాత్రం గట్టిగా అడిగి తెలుసుకోండి. పగలంతా మగత, రాత్రి నిద్ర పట్టకపోవడం ఈ జబ్బు తొలి గుర్తుల్లో ఒకటి. ఇంట్లోవాళ్లు పాపం నిద్ర లేదు కదా అని ఆల్ప్రాజోలం వేస్తారు, తెల్లారి లేపితే లేవరు. కల్లు అలవాటున్న మనిషైతే ఇంకా ప్రమాదం. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేవి ఆల్ప్రాజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివే. "నేను మందు తాగను, కల్లొక్కటే" అని చెప్పే పేషెంట్‌ని ఆ మాటతో వదిలేయకూడదు. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పు, ట్రమడాల్ కూడా అంతే.

లాక్టులోజ్‌ని మి.లీ.లలో లెక్కపెట్టకండి, మోషన్లలో లెక్కపెట్టండి. రోజుకు రెండు మూడు మెత్తటి మోషన్లు కావాలి. ఒకటే అయిందంటే ఇంకో 15 నుంచి 30 మి.లీ. ఇవ్వాలి. ఐదారు నీళ్ల విరేచనాలు అయితే తగ్గించాలి, ఎందుకంటే ఒంట్లో నీరూ పొటాషియమూ పోయి అదే మందు తికమకను తెచ్చిపెడుతుంది. గోడకు ఒక క్యాలెండర్ తగిలించి రోజూ అంకె వేయండి. పిలిస్తే సరిగా పలకని మనిషి నోట్లో మాత్రం సిరప్పు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో 300 మి.లీ. లాక్టులోజ్‌ని 700 మి.లీ. నీళ్లలో కలిపి ఎనిమా ఇస్తారు.

అమ్మోనియా టెస్ట్ గురించి ఒక మాట. శాంపిల్ ఈడీటీఏ ట్యూబులో తీసి వెంటనే ఐసులో పెట్టాలి, చేతికి పట్టీ గట్టిగా బిగించకూడదు, పిడికిలి బిగించమనకూడదు, అరగంటలోపు మిషన్ మీదికి వెళ్లాలి. ఇంటికొచ్చి తీసుకున్న శాంపిల్ మియాపూర్ నుంచి బయల్దేరి ఎర్రగడ్డ దాటేలోపే ట్యూబులో అమ్మోనియా పెరిగిపోతుంది. ఆ రిపోర్టులో 150 ఉన్నా దానికి విలువ లేదు. ఆసుపత్రి ల్యాబులోనే సరిగా తీసినప్పుడు నార్మల్ వచ్చిందంటే మాత్రం అది విలువైన సమాచారం. అప్పుడు తలకు స్కాన్, షుగర్ పడిపోవడం, ఫిట్స్ లాంటి వేరే కారణాలు చూడాలి. షుగర్ మందులు వాడే మనిషి కాబట్టి తికమక రాగానే మొదట గ్లూకోమీటర్ పెట్టండి.

స్కాన్ గది:

పేగుల నుంచి, స్ప్లీన్ నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ వెయిన్ గుండా లివర్‌లోకి పోవాలి. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి ఆ దారి బిగుసుకుపోతుంది. చెరువు నిండితే కట్ట బలహీనంగా ఉన్నచోట గండి పడినట్టు, రక్తం అక్కడున్న సన్నటి సిరల్ని వెడల్పు చేసుకుని పక్కదారి పడుతుంది. అన్నవాహిక వైపు పోతే వేరిసెస్, బొడ్డు వైపు పోతే పారాఅంబిలికల్ సిర, స్ప్లీన్ దగ్గర నుంచి ఎడమ కిడ్నీ సిరలోకి దిగితే మీ రిపోర్టులోని స్ప్లీనోరీనల్ షంట్. అక్కడి నుంచి నేరుగా గుండెకు, గుండె నుంచి మెదడుకు. పేగుల్లో తయారైన అమ్మోనియాను పట్టుకోవాల్సిన లివర్‌కి ఆ రక్తం తగలనే లేదు.

8 మి.మీ. దాటితే పెద్ద షంట్ అంటాం, మీది 14. పోర్టల్ వెయిన్ 8 మి.మీ. అని రాయడం నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తోంది. పోర్టల్ ప్రెషర్ పెరిగినవాళ్లలో అది 13 దాటి ఉబ్బడం ఎక్కువగా చూస్తాం. సన్నబడిందంటే రక్తం లివర్‌కి వెళ్లడం మానేసి షంట్ వైపు తిరిగిందని అనుమానించాలి. డాప్లర్ చేయించి పోర్టల్ వెయిన్‌లో రక్తం ఏ దిక్కుకు పోతోందో రాయించండి. లివర్ వైపా, వెనక్కా? రిపోర్టులో ఆ ఒక్క లైను లేకపోతే నిర్ణయం తీసుకోవడం కష్టం.

ఇప్పుడు రెండో డాక్టర్ గారి మాట. మీ మామగారికి వేరిసెస్ చిన్నగా ఉండటం, పొట్టలో నీరు లేకపోవడం చాలావరకు ఆ షంట్ చలవే. అది ప్రెషర్‌ని దించుతోంది. మూసిన మరుక్షణం ఆ రక్తమంతా బిగుసుకున్న లివర్ మీద పడుతుంది. పోర్టల్ ప్రెషర్ తేడా 10 మి.మీ. మెర్క్యురీ దాటితే వేరిసెస్, నీరు మొదలవుతాయి, 12 దాటితే రక్తస్రావం భయం. కాబట్టి మూయడం వల్ల మెదడుకు మేలు జరిగినా, పొట్టకూ అన్నవాహికకూ కీడు జరగొచ్చు. ఎవరిలో మేలు ఎక్కువ అన్నదే అసలు ప్రశ్న.

2013లో యూరప్‌లోని సెంటర్లు కలిసి 37 మంది ఫలితాలు ప్రచురించాయి. షంట్ మూశాక సుమారు పది మందిలో ఆరుగురికి అన్నట్టు, అంటే 59 శాతం మందికి, తొలి 100 రోజుల్లో తికమక తిరగబెట్టలేదు. మెల్డ్ 11 దాటినవాళ్లలోనే తిరగబెట్టడం ఎక్కువ. మీ పేషెంట్ సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. అంటే తలుపు తెరిచే ఉంది, కానీ ఇంకో ఏడాది ఆలోచిద్దాం అనుకునేంత సమయం లేదు. బిలిరుబిన్ పెరిగాక, నీరు చేరాక అడిగితే చాలామంది రేడియాలజిస్టులు వద్దనే అంటారు. పోర్టల్ వెయిన్‌లో గడ్డ, లివర్‌లో క్యాన్సర్ కణితి, అన్నవాహికలో పెద్ద వేరిసెస్ ఉన్నా ముందు వాటి సంగతి తేల్చాలి.

చేసే పద్ధతి: తొడ దగ్గరో మెడ దగ్గరో సిరలోకి సన్నటి గొట్టం పంపి, ఎడమ కిడ్నీ సిర మీదుగా షంట్‌లోకి వెళ్తారు. ముందు బెలూన్‌తో షంట్‌ను మూసి రంగుమందు ఇస్తే లోపల దారులన్నీ కనిపిస్తాయి. తర్వాత షంట్ ఇరుకుగా ఉన్న చోట, దానికంటే కాస్త పెద్ద సైజు వాస్కులర్ ప్లగ్ (నాళాన్ని మూసే బిరడా) పెట్టి, ప్లగ్ వెనకాల స్పాంజి లాంటి జెల్ఫోమ్ నింపుతారు. ప్లగ్ చిన్నదైతే రక్తం ప్రవాహానికి కొట్టుకుని గుండె వైపు పోయే ప్రమాదముంది, అందుకే సీటీలో షంట్ అత్యంత ఇరుకైన చోటి కొలత కూడా కావాలి. మీకు రాసిన 14 ఎక్కడ కొలిచారో అడగండి. బెలూన్ పెట్టి స్క్లెరోసెంట్, అంటే సిర మూసుకుపోయేలా చేసే మందు, నింపే పాత పద్ధతిలో బెలూన్‌ని గంటల తరబడి ఉంచాలి, మధ్యలో పగిలితే మందు ఊపిరితిత్తులకు పోతుంది. ప్లగ్‌తో ఆ నిరీక్షణ లేదు.

ఇంకొకటి, ఎండోస్కోపీలో జీర్ణాశయం పైభాగం, ఫండస్, చూశారా? ఇలాంటి షంట్ ఉన్నవాళ్లలో వేరిసెస్ అక్కడ దాగి ఉంటాయి. అవి ఉంటే షంట్ మూయడానికి అదనంగా ఒక కారణం దొరికినట్టే.

మియాపూర్ అల్లుడు:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. ఒక విషయం రాయడం మర్చిపోయాను. ఈ రెండు నెలల్లో మంచం మీద లేచి కూర్చుంటే ఆయాసం అంటున్నారు, పడుకుంటే తగ్గుతోంది. గుండె ఎకో నార్మల్ అన్నారు. దీనికీ షంట్‌కీ సంబంధం ఉందా?

బబుల్ ఎకో:

కూర్చుంటే ఆయాసం, పడుకుంటే హాయి. గుండె జబ్బులో సాధారణంగా దీనికి తిరగబడి ఉంటుంది. సిర్రోసిస్ ఉన్న మనిషి ఈ మాట చెబితే హెపటోపల్మనరీ సిండ్రోమ్ అని తేలేదాకా, లేదా కాదని తేలేదాకా వదలకూడదు.

ఇది ఊపిరితిత్తుల్లో జరిగే పక్కదారి. అక్కడి కేశనాళికలు మామూలుగా 8 నుంచి 15 మైక్రాన్ల వెడల్పు ఉంటాయి. లివర్ జబ్బులో అవి ఎన్నో రెట్లు ఉబ్బుతాయి. ఎర్ర కణాలు గాలి తగలకుండానే మధ్యలోంచి దూసుకుపోతాయి. లేచి కూర్చున్నప్పుడు రక్తం ఊపిరితిత్తుల కింది భాగానికి దిగుతుంది, ఉబ్బిన నాళాలు ఎక్కువగా ఉండేది అక్కడే. అందుకే ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది.

ఇంట్లో చేయదగ్గది: పడుకోబెట్టి ఐదు నిమిషాలయ్యాక వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టి చూడండి, తర్వాత కూర్చోబెట్టి మరో ఐదు నిమిషాలాగి చూడండి. రెండు అంకెలూ రాసుకోండి. గోళ్లకు రంగు, మెహందీ ఉండకూడదు, చేతులు చల్లగా ఉండకూడదు. 96 కంటే తగ్గితే ఆర్టీరియల్ బ్లడ్ గ్యాస్ (ధమని రక్తంలో ఆక్సిజన్ కొలిచే టెస్ట్) చేయించాలి. ఆక్సిజన్ ప్రెషర్ 80 లోపు ఉన్నా, ఊపిరితిత్తులకూ రక్తానికీ మధ్య తేడా 15 దాటినా అనుమానం గట్టిపడుతుంది. 64 ఏళ్లు దాటినవాళ్లకు ఆ తేడా 20.

మామూలు ఎకోలో ఇది కనిపించదు, "నార్మల్" అన్న మాట దీన్ని కొట్టేయదు. బబుల్ ఎకో కావాలని అడగండి. త్రీవే వాల్వుతో కలిపిన రెండు సిరంజిల మధ్య 10 మి.లీ. సెలైన్‌ని అటూ ఇటూ జోరుగా తోస్తే అది నురగలా మారుతుంది. చేతి సిరలోకి ఇవ్వగానే గుండె కుడి గదులు తెల్లగా మెరుస్తాయి. మామూలు మనిషిలో ఆ బుడగలు ఊపిరితిత్తుల్లోనే ఆగిపోతాయి. మూడు నుంచి ఆరు గుండె కొట్టుకోళ్ల తర్వాత ఎడమ గదుల్లో చుక్కలు కనిపిస్తే అవి ఉబ్బిన నాళాల్లోంచి దాటొచ్చినట్టు. మూడు కొట్టుకోళ్లలోపే వస్తే గుండెలోనే రంధ్రం ఉండొచ్చు.

మందులతో ఇది మానదు. ఆక్సిజన్ ఇవ్వొచ్చు, నయం చేసేది లివర్ మార్పిడి. ఆక్సిజన్ ప్రెషర్ 60 కిందికి దిగేదాకా ఆగకుండా ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కి ఇప్పుడే చూపించండి. మెల్డ్ 11 అని ఎవరైనా తొందరేం లేదంటే ఈ ఆయాసం సంగతి ముందు చెప్పండి. ఆ స్కోరులో ఊపిరితిత్తుల లెక్క లేదు. ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు గుర్తింపు ఉన్న ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రి ద్వారానే జరుగుతుంది, మీరు నేరుగా వెళ్లి చేయించేది కాదు.

డైట్ డెస్క్:

తిండి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా. తికమక వస్తోందని పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించే ఇళ్లు ఇంకా ఉన్నాయి, దయచేసి అలా చేయకండి. లివర్ తర్వాత అమ్మోనియాను పట్టుకునేది కండ. కండ కరిగితే తికమక పెరుగుతుంది. కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ అంటే మీ మామగారికి రోజుకు 80 నుంచి 100 గ్రాములు. పెసరపప్పు, పెరుగు, పనీర్, మీల్‌మేకర్‌తో చాలావరకు సరిపెట్టొచ్చు. గుడ్డులో 6 గ్రాములే, ఒక్క గుడ్డుతో పని కాదు.

రాత్రి ఎనిమిదికి తిని పొద్దున తొమ్మిదిదాకా ఖాళీ కడుపుతో ఉంచొద్దు. లివర్‌లో గ్లూకోజ్ నిల్వ ఉండదు కాబట్టి ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు పాలు, ఒక అరటిపండు ఇస్తే సుమారు 50 గ్రాముల పిండిపదార్థం అందుతుంది. షుగర్ ఉంది కాబట్టి ఇన్సులిన్ డోసు ఈ తిండికి తగ్గట్టు సర్దించండి, తిండి మాన్పించొద్దు.

స్కాన్ గది:

బబుల్ ఎకో గారు చెప్పిన ఆయాసంతో నా జవాబు కొంత మారింది. షంట్ మూసినంత మాత్రాన ఊపిరితిత్తుల్లో పక్కదారి పోతుందని నమ్మడానికి లేదు. కాబట్టి బ్లడ్ గ్యాస్, బబుల్ ఎకో ముందు. అవి పాజిటివ్ వస్తే షంట్ నిర్ణయం ట్రాన్స్‌ప్లాంట్ సర్జన్‌తో కలిసి తీసుకోవాలి. మార్పిడి సమయంలో పెద్ద షంట్ వదిలేస్తే కొత్త లివర్‌కి రక్తం చాలకపోవచ్చు, కాబట్టి వాళ్లకు దాని వివరం ఎలాగూ కావాలి. నెగెటివ్ వచ్చి, వార్డు డ్యూటీ గారు అడిగిన కారణాలేవీ దొరక్కపోతే, మూయించే వైపే నేను మొగ్గుతాను. మూశాక నెలలోపు సీటీ, ఎండోస్కోపీ మళ్లీ చేయించాలి, పొట్ట చుట్టుకొలతా బరువూ రోజూ రాయాలి.

రెండో అభిప్రాయానికి నిమ్స్‌కి వెళ్లినా ఇంకెక్కడికి వెళ్లినా సీటీ ఫిల్ములు కాకుండా సన్నటి స్లైసులున్న సీడీ తీసుకెళ్లండి. ఫిల్ము మీద షంట్ ఉందని కనిపిస్తుంది, దాని ఇరుకు చోటు కొలవడం కుదరదు.