వాన పడితే నెట్ పోతోంది, ప్లాన్ మార్చితే బాగుపడుతుందా?

బాపట్ల_బుల్లోడు:
ఊళ్లో అమ్మానాన్నల ఇంట్లో ఇంకా పాత ల్యాండ్‌లైన్ మీదే ఏడీఎస్ఎల్ నెట్. ప్లాన్ 8 ఎంబీపీఎస్, వచ్చేది రెండున్నర, చినుకు పడిందంటే అదీ ఉండదు. ఇంకో వింత, ఎవరైనా ఫోన్ చేస్తే రింగ్ మోగగానే మోడెంలో డీఎస్ఎల్ లైటు ఆరిపోతోంది. కంప్లయింట్ ఇస్తే 16 ప్లాన్‌కి మారండి సార్ అంటున్నారు. మోడెం పేజీలో డౌన్‌స్ట్రీమ్ అటెన్యుయేషన్ (దారిలో సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే లెక్క) 52, ఎస్ఎన్ఆర్ మార్జిన్ (లైన్‌లో రొదని తట్టుకోడానికి ఉన్న మిగులు) 5 చూపిస్తోంది, సాయంత్రానికి 2కి పడుతోంది. మారమంటారా? మా వీధికి ఫైబర్ ఇంకా రాలేదు.

రాగితీగ:
వద్దు బ్రదర్, డబ్బు దండగ. 52 డీబీ అంటే ఎక్స్ఛేంజి నుంచి మీ ఇంటిదాకా తీగ మూడున్నర, నాలుగు కిలోమీటర్లు ఉన్నట్టు లెక్క. ఏడీఎస్ఎల్2+ (ఏడీఎస్ఎల్‌లోనే తర్వాతొచ్చిన రకం) కి 24 ఎంబీపీఎస్ అని రాసుకుంటారు గానీ అది ఎక్స్ఛేంజి పక్కింటివాడికి. ఆ తీగ వేసింది మాటల కోసం, దానికి 3,400 హెర్ట్జ్ దాకా చాలు. నెట్ అదే తీగ మీద 2.2 మెగాహెర్ట్జ్ దాకా వాడుకుంటుంది, దూరం పెరిగేకొద్దీ పై ఫ్రీక్వెన్సీలే ముందు చచ్చిపోతాయి. లైన్ శుభ్రంగా ఉంటే మీకు 3, 4 రావచ్చు. 16 మాత్రం కల్ల.

రిటైర్డ్_కేబుల్:
దూరం సంగతి సరే, రింగ్‌కి కట్ అవడం దూరం వల్ల కాదు బాబూ. స్ప్లిట్టర్ (మాటనీ నెట్‌నీ విడదీసే చిన్న డబ్బా) పోయి ఉండాలి, లేదా ఎక్కడో జాయింటు తుప్పు పట్టి ఉండాలి. లైన్ మీద మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, రింగ్‌కి 75 వోల్టుల ఏసీ వచ్చి పడుతుంది, జాయింటు వదులుగా ఉంటే మోడెం ఆ దెబ్బకి లింకు వదిలేస్తుంది.

ముందు ఖర్చులేని పని చేయండి. రోసెట్ బాక్స్ (ఫోన్ లైన్ ఇంట్లోకొచ్చి కలిసే గోడ డబ్బా) విప్పి, బెడ్‌రూముకీ వంటింటికీ లాగిన పారలల్ వైర్లన్నీ పీకేయండి. వాటి కొసకి ఫోన్ లేకపోయినా సిగ్నల్ అక్కడిదాకా పోయి తిరిగొచ్చి అసలు సిగ్నల్‌ని పాడుచేస్తుంది. ఫోన్ ఉంటే స్ప్లిట్టర్ తర్వాతే తగిలించాలి.

అప్పటికీ అంతే అయితే తప్పు బయట ఉంది. ఈ పనిలోనే రిటైరయ్యాను కాబట్టి చెప్తున్నా, డీపీ బాక్స్ (వీధిలో ఇళ్లకి లైన్లు పంచే డబ్బా) మూత ఊడిపోయి ఉంటుంది, లోపల చీమలు, పచ్చగా చిలుము పట్టిన స్క్రూలు. స్తంభం నుంచి ఇంటికొచ్చే డ్రాప్ వైరు ఎప్పుడో తెగితే మెలిపెట్టి టేపు చుట్టి వదిలేసి ఉంటారు, వాన నీళ్లు దిగేది అక్కడే. లైన్‌మన్‌ని మాత్రం "నెట్ స్లో" అని పిలవకండి, మోడెం ఆపి ఆన్ చేసి వెళ్లిపోతాడు. "మాటలో గరగర వస్తోంది, పెయిర్ మార్చండి" అనండి. పెయిర్ అంటే ఎక్స్ఛేంజి నుంచి మీ లైన్‌కిచ్చిన తీగల జత.

లీడ్స్_లక్ష్మి:
ఇక్కడేదో బాగుంటుందనుకోకండి. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకి వీధిలోని క్యాబినెట్ దాకానే ఫైబర్, అక్కణ్నుంచి పాత తీగే, వీడీఎస్ఎల్2 (తక్కువ దూరంలో ఎక్కువ స్పీడిచ్చే రకం) మీద. క్యాబినెట్ ఎదురింటికి 80 దాకా వస్తుంది, వీధి చివర మాకు అందులో సగం కూడా రాదు. కొన్నిచోట్ల 1970ల్లో రాగికి బదులు అల్యూమినియం వేశారట, వాళ్ల గోల ఇంకా ఘోరం. పాత ఫోన్ నెట్‌వర్క్‌ని 2027 జనవరికల్లా మూసేస్తామంటున్నారు. అన్నట్టు, మీ నెట్ కంపెనీవాళ్లని టార్గెట్ మార్జిన్ (లింకు కలిసేటప్పుడు ఉంచుకునే మిగులు) 9కి పెంచమని అడగండి, స్పీడు కాస్త తగ్గినా మాటిమాటికీ కట్ అవదు.

బాపట్ల_బుల్లోడు:
నాన్నతో పారలల్ వైర్లు పీకించా. మార్జిన్ 8కి వచ్చింది! రింగ్‌కి మాత్రం ఇంకా పోతోంది.

రిటైర్డ్_కేబుల్:
స్ప్లిట్టర్ మార్చి చూడండి. మార్చినా లైటు ఆరితే జాయింటే. లైన్‌మన్ వచ్చినప్పుడు డీపీ దగ్గరే మోడెం పెట్టి చూడమనండి, కరెంటుకి పక్కింటి నుంచి వైరు లాగినా సరే. అక్కడ బాగుంటే డ్రాప్ వైరు మార్చాలి, అక్కడా అంతే ఉంటే పెయిర్. వాన పడ్డ మర్నాడే రమ్మనండి, ఎండలో వస్తే ఏ తప్పూ దొరకదు.