సింగపూర్ నుంచి వచ్చిన ‘షియావ్ యావ్’ గోళీలు: బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చా?

ప్రశ్న (ఉపాధ్యాయిని, హన్మకొండ)

అందరికీ నమస్కారం. నాకు 38 ఏళ్లు. ఏడాదిగా నెలసరి 35 రోజులకొకసారి, ఒక్కోసారి 40 రోజులు దాటాక వస్తోంది. దానికి వారం ముందు నుంచే ఎవరేమన్నా కళ్లలో నీళ్లు తిరగడం, బడిలో పిల్లల మీద అకారణంగా విసుక్కోవడం, రొమ్ముల్లో సలుపు, పిడికెడు అన్నం తిన్నా కడుపు ఉబ్బిపోవడం, ఒకరోజు విరేచనం కాకపోవడం, మరునాడు పలుచగా కావడం ఇవన్నీ కలిసి వస్తున్నాయి. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్కానింగ్ చేసి ఏమీ లేదన్నారు. కడుపుబ్బరం సంగతి ఎత్తితే అది వేరే డాక్టరుకు చెప్పుకోవాలన్నారు.

సింగపూర్‌లో ఉండే మా ఆడబిడ్డ సంక్రాంతికి వచ్చినప్పుడు ‘షియావ్ యావ్’ అనే చైనా మందు ఉన్న ఒక చిన్న ప్లాస్టిక్ సీసా ఇచ్చింది. లోపల మిరియాలంత నల్లటి గోళీలు 200 ఉన్నాయి. మూత తీస్తే ఏదో వేరు వాసన, దాని వెనుక పుదీనా వాసన వస్తున్నాయి. పూటకు 8 చొప్పున రోజుకు మూడు పూటలు వేసుకోవాలట. ఒత్తిడికి, జీర్ణానికి, నెలసరికి ఒకటే మందు అంటే అంగట్లో అమ్మే సర్వరోగ నివారిణి గుర్తుకొస్తోంది. నేను బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. ఈ గోళీలు ఏమిటి, వాడవచ్చా, మన ఆయుర్వేదంలో ఇలాంటిది ఉందా అన్నది తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సింగపూర్‌లో తొమ్మిదేళ్లు ఉండి జగిత్యాలకు తిరిగి వచ్చినవారు)

అక్కా, మీ అనుమానంలో తప్పు లేదు కానీ ఇది నిన్న మొన్న పుట్టిన మందు కాదు. చైనాలో సాంగ్ వంశపు రాజుల కాలంలో ప్రభుత్వ ఔషధశాల కూర్పించిన యోగాల (మందుల కూర్పుల) సంపుటిలోనే ఇది ఉంది. పేరుకు అర్థం దాదాపు ‘నిశ్చింతగా విహరించడం’ అని. అప్పట్లో గోళీ కాదు, చూర్ణం: ఛైహూ, డాంగ్ గుయ్ అనే వేర్లు, తెల్ల పియోనీ అనే పూలమొక్క వేరు, బైజూ దుంప, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి గడ్డ సమపాళ్లలో, అతిమధురం అందులో సగం పాలు కలిపి దంచి, కాల్చిన అల్లం ముక్క, కొంచెం పుదీనా వేసి, గ్లాసు నీళ్లు పదింట ఏడు పాళ్లు మిగిలేదాకా కాచి వేడిగా తాగేవారు.

మూడు బాధలకు ఒకే మందు ఎందుకంటే, వాళ్ల లెక్కలో అవి మూడు కావు. మనసులో అణచుకున్న కోపం, దిగులు వల్ల కాలేయంలో ‘చీ’ అనే ప్రాణశక్తి బిగుసుకుపోతుందని, అది జీర్ణం చేసే ప్లీహాన్ని నొక్కుతుందని, అక్కడ రక్తం సరిగా పుట్టక నెలసరి దారి తప్పుతుందని వారి వాదం. ఛైహూ ఆ బిగువును సడలిస్తుంది, డాంగ్ గుయ్, పియోనీ రక్తాన్ని పోషిస్తాయి, మిగిలినవి కడుపును చూసుకుంటాయి అంటారు. ఇక్కడ చెప్పే కాలేయం, మన లివర్ పరీక్షలో కనిపించే కాలేయం ఒకటి కాదు. రెంటినీ కలిపేస్తే గందరగోళమే. మా ఆవిడకు అక్కడి చైనా వైద్యురాలు నాలుక చూసి, రెండు చేతుల నాడి పట్టుకుని, చాలాసేపు మాట్లాడిన తర్వాతే ఇది ఇచ్చింది. ఉబ్బరం కొంత తగ్గింది, నెలసరిలో మాకు తేడా కనిపించలేదు. ఆ చూసే పనంతా వదిలేసి సీసా ఒక్కటే చేతికి రావడం నాకు నచ్చని సంగతి.

జవాబు 2 (ఫార్మసిస్టు, కరీంనగర్)

మేడమ్ గారూ, ముందు సీసా మీద పదార్థాలు లెక్కపెట్టండి. ఎనిమిది ఉంటే మూల యోగం. పది ఉంటే గార్డెనియా కాయ, మౌటాన్ (మరో జాతి పియోనీ) వేరు బెరడు కలిపిన రెండో రకం. చిరాకుతో పాటు ఒంట్లో వేడి, నోరు చేదు ఉన్నవారికి దాన్ని ఇస్తారు. జపాన్‌లో ఈ రకాన్నే కామిషోయోసాన్ పేరుతో, ముఖ్యంగా ముట్లుడిగే వయసు స్త్రీలకు వాడతారు. గార్డెనియా ఉన్న మందులను ఏళ్ల తరబడి వాడినవారిలో పేగుల నుంచి రక్తం తెచ్చే సిరలు గట్టిపడిన సందర్భాలు అక్కడే బయటపడ్డాయి. కాబట్టి మూలికే కదా అని నెలల కొద్దీ మింగే సరుకు కాదు.

మీ విషయంలో నాకు అంతకన్నా పెద్ద భయం అతిమధురం. అందులోని గ్లిసిరైజిన్ మూత్రపిండాల్లో కార్టిసాల్ అనే హార్మోనును అణిచే ఎంజైమును అడ్డుకుంటుంది. దానితో ఉప్పు, నీరు ఒంట్లో నిలిచి బీపీ పెరుగుతుంది, పొటాషియం బయటికి పోతుంది. మోతాదు తక్కువే అనుకున్నా, మీ బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ ఉంటే అందులో చాలావరకు మూత్రం ఎక్కువగా పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ అనే మందు కలిసి ఉంటుంది, అది కూడా పొటాషియాన్ని తగ్గించేదే. కాళ్ల పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ కనబడితే ఆలస్యం చేయకూడదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు డాంగ్ గుయ్‌కి దూరంగా ఉండాలి, గర్భం వచ్చే అవకాశం ఉన్నవారు డాక్టరును అడగకుండా ఇది ముట్టకూడదు. పనిచేస్తుందా అంటే, చైనాలో పరీక్షలు చాలానే జరిగాయి గానీ ఎక్కువ భాగం చిన్నవి, పద్ధతి బలహీనంగా ఉన్నవి.

జవాబు 3 (ఆయుర్వేద వైద్యురాలు, వరంగల్)

మన ఆయుర్వేదంలో అశోక చెట్టు బెరడుతో చేసే అశోకారిష్టం ఇదే కదా అని చాలామంది అడుగుతారు, కాదమ్మా. దాన్ని ప్రధానంగా రక్తస్రావం ఎక్కువైనప్పుడు ఇస్తాము, మీకు ఆలస్యం కదా. ‘అశోక’ అంటే శోకం లేనిది, అదీ ‘నిశ్చింత’ లాంటిదే కదా అని పేరు పోలిక చూసి మందు మార్చుకుంటే ఫలితం తారుమారవుతుంది. 35 రోజులు దాటి వస్తున్న నెలసరికి ఏ వైద్యం మొదలుపెట్టే ముందైనా థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోను, హిమోగ్లోబిన్ చూడాలి. స్కానింగ్ బాగుందన్నంత మాత్రాన ఇవి చూసినట్టు కాదు. చైనా వైద్యం మన ఆయుష్ పద్ధతుల్లో లేదు గనుక ఆ సీసా గురించి ఇక్కడ అడగడానికి లైసెన్సున్న వైద్యుడు దొరకడం కష్టం. మన ఊళ్లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. నెలసరి తేదీలు, బీపీ చీటీ రెండూ పట్టుకుని వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కళ్లద్దాలు పెట్టుకుని లెక్కపెట్టాను, పది ఉన్నాయి. బీపీ మాత్ర చివర ‘హెచ్’ కూడా ఉంది. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు వేసుకున్నాను. నిన్న రాత్రి పిక్క పట్టేస్తే బడిలో నిలబడి పాఠం చెప్పినందుకేమో అనుకున్నాను. గోళీలు ఆపేశాను. రేపు పొద్దున బీపీ చూసే డాక్టరు దగ్గరికి సీసాతో సహా వెళ్లి, పొటాషియం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటాను. రాత్రి ఆడబిడ్డ ఫోన్ చేసి “గుణం కనిపిస్తోందా వదినా?” అని అడిగింది, రిపోర్టులు వచ్చాక చెబుతానన్నాను.