ధ్రువణం చూసి పల్సర్ అయస్కాంత క్షేత్రం చెప్పేయొచ్చా?

పర్లాకిమిడి కుర్రాడు:
ఒడియా మీడియంలో చదివినవాణ్ణి, తెలుగు మాటలు తప్పితే దిద్దండి. హెర్క్యులిస్ ఎక్స్-1 అనే పల్సర్ (గిరగిరా తిరిగే, బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్న చిన్న నక్షత్రం) నుంచి వచ్చే ఎక్స్‌రేలలో ధ్రువణం, అంటే కిరణాలు ఒకే దిశలో ఊగడం, 80 శాతం దాకా ఉండొచ్చని లెక్కలు కట్టారు. 2022లో ఎక్స్‌రే ధ్రువణం కొలిచే ఐఎక్స్‌పీఈ ఉపగ్రహం కొలిస్తే సగటున 10 శాతం లోపే వచ్చింది. ఇక ధ్రువణం చూసి అయస్కాంత క్షేత్రాన్ని చదివేస్తున్నాం అనడం పెద్ద మాట కాదా?

బరంపురం మాస్టారు:
బాబూ, రెండు సంగతులు కలిపేశావు. గోపాల్‌పూర్ బీచ్‌లో పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకో, నీళ్ల మీది మెరుపు తగ్గుతుంది. తల పక్కకి వాల్చు, మళ్లీ మెరుస్తుంది. ఆ అద్దాలు కాంతి ఏ దిశలో ఊగుతోందో చెబుతాయి, ఎండ ఎంత మండుతోందో చెప్పవు. ధ్రువణమూ అంతే. క్షేత్రం ఎటు ఉంది, ఎంత పొందికగా ఉంది అన్నదే చెబుతుంది. దాని బలం వేరే దారిలో తెలిసింది. 1976లో బెలూన్‌లో పంపిన పరికరానికి ఇదే పల్సర్ వర్ణపటంలో సైక్లోట్రాన్ గీత (క్షేత్రంలో గిరగిరా తిరిగే ఎలక్ట్రాన్ల వల్ల పడే గీత) దొరికింది. దాన్నిబట్టి క్షేత్రం కొన్ని లక్షల కోట్ల గాస్ (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం).

వీలా అనే మరో పల్సర్ చుట్టూ ఉన్న మేఘంలో కొన్నిచోట్ల ధ్రువణం 60 శాతం దాటింది. అక్కడిది సింక్రోట్రాన్ కాంతి, అంటే క్షేత్రరేఖల చుట్టూ మహావేగంతో తిరిగే ఎలక్ట్రాన్లు చిమ్మేది. దానికి పై హద్దే దాదాపు 75. అంటే అక్కడి క్షేత్రరేఖలు నూనె రాసి దువ్విన జుట్టులా ఉన్నాయన్నమాట.

రాయగడ నైట్‌డ్యూటీ:
ఇప్పుడే డ్యూటీ దిగాను. మాస్టారూ, వీలా సరే. అది సింక్రోట్రాన్ అని తెలుసు కాబట్టి ధ్రువణానికి లంబంగా క్షేత్రాన్ని గీసేయొచ్చు. నక్షత్రం ఉపరితలం దగ్గర ఆ సులువు లేదు. 4యూ 0142+61 అనే మాగ్నెటార్‌లో (మామూలు పల్సర్ కంటే ఎంతో బలమైన క్షేత్రం ఉన్న నక్షత్రం) తక్కువ శక్తి నుంచి ఎక్కువ శక్తికి వెళ్లేసరికి ధ్రువణ కోణం 90 డిగ్రీలు తిరిగింది. గట్టిపడిన ఉపరితలం వల్ల అని కొందరు, వాతావరణంలో జరిగే మార్పు వల్ల అని ఇంకొందరు. కొలత ఒకటే, కథలు రెండు.

బరంపురం మాస్టారు:
దెబ్బ తగిలింది, ఒప్పుకుంటాను. కానీ హెర్క్యులిస్‌లో శాతం మొండికేసినా కోణం మాట విన్నది. 1.24 సెకన్లకోసారి తిరిగే ఆ నక్షత్రంతో పాటే అదీ ఊగింది. అంత బలమైన క్షేత్రంలో ఎక్స్‌రే ధ్రువణాన్ని చాలా ఎత్తుదాకా క్షేత్రమే నడిపిస్తుంది. కింద ఎంత గందరగోళం ఉన్నా మనకి చేరేది పైనున్న ద్విధ్రువ క్షేత్రం (దండయస్కాంతంలా రెండు ధ్రువాలున్నది) ముద్ర. ఆ ఊపు నుంచే భ్రమణాక్షానికీ అయస్కాంతాక్షానికీ మధ్య సుమారు 12 డిగ్రీలని తీశారు.

పర్లాకిమిడి కుర్రాడు:
80 దగ్గర తప్పినవాళ్లని 12 దగ్గర నమ్మాలా?

బరంపురం మాస్టారు:
80 చెప్పాలంటే నక్షత్రపు వాతావరణంలో ఏ పొర ఎంత వేడో ముందే తెలియాలి. 12కి అది అక్కర్లేదు, జామెట్రీ చాలు.

రాయగడ నైట్‌డ్యూటీ:
జామెట్రీ కూడా ఊహ మీద నిలిచిందే కదా, ద్విధ్రువం అనుకుంటేనే. ఐఎక్స్‌పీఈ 2 నుంచి 8 కేఈవీ (ఎక్స్‌రే శక్తికి కొలమానం) దాకానే చూస్తుంది. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహంలో, రామన్ పరిశోధన సంస్థ చేసిన పోలిక్స్ పరికరానిది 8 నుంచి 30. రెండూ ఒకే పల్సర్ దగ్గర ఒకే 12 చెబితే ఇక నేను నోరెత్తను.