పాత గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి లైటు పెట్టించాలా, అలాగే వదిలేయాలా?

కీర్తన నాన్న
అందరికీ నమస్కారం. మా ఇంట్లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ (చేతిలో పట్టుకుని ఆడే నింటెండో వీడియోగేమ్) ఒకటుంది. 2001లో వచ్చిన మొదటి మోడల్, ఊదారంగుది. అప్పట్లో మా మేనమామ న్యూజెర్సీ నుంచి తెచ్చాడు. ఇప్పుడు మా అమ్మాయి ఆడతానంటోంది. దాని తెరకి లైటు లేదు కదా, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచుకుంటూ చూడాల్సి వస్తోంది. ఐపీఎస్ అనే కొత్తరకం తెర వేయిస్తే వెనక నుంచి వెలుగు వస్తుందట. వేయించమంటారా? ఇంకో సందేహం. తెరని లోపలి బోర్డుకి కలిపే పల్చటి పట్టీ ఉంటుందట, మాది 32 పిన్నుల రిబ్బనా, 40 పిన్నులదా అన్నది ఎలా తెలుస్తుంది?

సోల్డర్ సుబ్బు
కళ్ళు మూసుకుని వేయించండి. నేను ఇంట్లోనే పాతిక దాకా వేశాను. టంకం లేకుండా కూడా పనిచేస్తుంది, వెలుగు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ మాత్రం ఒకట్రెండు తీగలు అతికించాలి.

రెండుసెల్లులు
నా మాట వింటే వద్దు. కారణాలు చెప్తాను.

ఆ పాత తెర బయటి వెలుగుని వెనక్కి కొట్టే రకం. వేసవి పొద్దున డాబా మీద పిట్టగోడకి ఆనుకుని ఆడి చూడండి, ఎండ ఎక్కువయ్యేకొద్దీ బొమ్మ తేటపడుతుంది. ఐపీఎస్ తెర అదే ఎండలో వెలవెలబోతుంది. రెండోది, సెల్లులు. రెండు పెన్సిల్ సెల్లులతో సుమారు 15 గంటలు ఆడుకోవచ్చని కంపెనీవాళ్ళే చెప్పారు. లైటు పెట్టాక అంత రాదు. మూడోది, రంగులు. ఈ తెర మసక అని తెలిసే చాలా ఆటల్లో రంగులు కావాలని మరీ కాంతిగా పెట్టారు. అవే కొత్త తెర మీద పెళ్ళివారింటి సీరియల్ లైట్లలా ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం, లోపలి ప్లాస్టిక్ కోయాలి. ఇరవై ఏళ్ళు దాచుకున్న వస్తువుని కట్టర్ పెట్టి కోస్తారా?

నిశాచరి
రంగులు కాంతిగా పెట్టారా? ఈ గేమ్‌బాయ్‌తోపాటే విడుదలైన కాజిల్‌వేనియా ఆట ఆడారా మీరు? అందులో నేను గోడేదో గబ్బిలమేదో తెలీక చచ్చాను.

సోల్డర్ సుబ్బు
రెండుసెల్లులు గారూ, లైటు లేకపోవడం లోపమని తయారుచేసినవాళ్ళకే తెలుసు. 2003లో దీని మడత మోడల్, గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ తెచ్చి అందులో లైటు పెట్టలేదా? అంతకుముందే, 1998లో, జపాన్‌లో గేమ్‌బాయ్ లైట్ అని వెనక లైటుతో ఒకటి అమ్మారు. 2002లోనే జనం ఆఫ్టర్‌బర్నర్ అనే లైటు కిట్ కొని సొంతంగా బిగించుకున్నారు. అంటే ఈ గోల మనం మొదలుపెట్టింది కాదు.

రెండుసెల్లులు
ఆఫ్టర్‌బర్నర్ వెనక లైటు కాదు, ముందు లైటు. పాత తెర ఉన్నచోటే ఉంటుంది, దాని మీద పల్చటి పలక వస్తుంది. 2003 ఎస్పీ కూడా అంతే. వెనక లైటున్న ఎస్పీ 2005లో వచ్చిన ఏజీఎస్-101. లైటు బటన్ నొక్కితే మొత్తం ఆరిపోతే పాతది, వెలుగు తగ్గి ఊరుకుంటే 101. తేడా తెలీకుండా పాతిక వేశానంటున్నారు.

సోల్డర్ సుబ్బు
వెనక లైటని నేనన్నది 1998 దాన్ని. చదవండి సార్.

రెండుసెల్లులు
ప్లాస్టిక్ సంగతి చెప్పలేదు. కోయాలా, వద్దా?

సోల్డర్ సుబ్బు
పాత డబ్బాలోనే (అదే, బయటి ప్లాస్టిక్ తొడుగులోనే) వేస్తే చాలా కిట్లకి కాస్త కోయాలి. ఇప్పుడు కొత్త తెరకి సరిపోయేలా చేసిన డబ్బాలు విడిగా దొరుకుతున్నాయి. అది తీసుకుంటే కోత లేదు, పాత డబ్బా భద్రంగా ఉంటుంది.

రెండుసెల్లులు
తెర కొత్తది, డబ్బా కొత్తది. మిగిలింది బోర్డొక్కటే. కీర్తన నాన్న గారూ, దాన్ని మీ మేనమామ తెచ్చిన గేమ్‌బాయ్ అంటారా?

మధ్యాహ్నం
కిట్, డబ్బా, కూలీ కలిపితే పాత ఎస్పీ ఒకటి రాదా? ఊరికే అడుగుతున్నా.

చత్వారం
ఇప్పటిదాకా చదువుతూ కూర్చున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. నాకు నలభై తొమ్మిది. ఈ పెట్టె వచ్చిన కొత్తలో మా గుంటూరులో సాయంత్రం కరెంటు పోతే ఎమర్జెన్సీ లైటు పక్కన పెట్టుకుని ఆడేవాణ్ణి. అప్పుడు కళ్ళున్నాయి. ఇప్పుడు అదే తెర, అదే లైటు, అయినా బొమ్మ పక్కన అక్షరాలు చదవలేను. కిందటేడు ఐపీఎస్ వేయించాను. ఆగిపోయిన ఆట పద్దెనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టాను. నన్ను పిట్టగోడ మీద కూర్చోమంటారా సార్? మోకాళ్ళ సంగతి కూడా చెప్పమంటారా?

రెండుసెల్లులు
మీ గురించి కాదండీ నేనంటున్నది. పాతిక వేశాననే వాళ్ళ గురించి. పాతిక పాత తెరలు పీకాడన్నమాట. అవన్నీ ఎక్కడున్నాయి? చెత్తబుట్టలో. తెరకింత అని తీసుకునేవాళ్ళు వద్దని ఎందుకంటారు?

సోల్డర్ సుబ్బు
ఆగండి. నేను తీసుకునేది కిట్ ఖరీదు, టీ డబ్బులు. ఇంట్లో గిన్నెల పక్కన కూర్చుని అర్ధరాత్రి దాకా చేస్తాను. నీకేం తెలుసు నా గురించి? పీకిన ప్రతి తెరా కవర్లో పెట్టి యజమానికే ఇచ్చాను. నీకు ఎవడో అన్యాయం చేసినట్టున్నాడు, అది నా మీద రుద్దకు.

ఊరికే చూస్తున్నా
😬 మీరు నుంచి నువ్వులోకి దిగారు.

రెండుసెల్లులు
అవును, చేశాడు. 2019లో ఒక రిపేరు కొట్లో ఇచ్చాను. పేరెందుకు. తెర వంకరగా, అద్దం కింద వెంట్రుక ముక్కతో సహా తెచ్చి చేతిలో పెట్టాడు. ఛార్జింగ్ సెల్లులు వేస్తే కాసేపటికే అయిపోయాయని ఎర్రలైటు. పాత తెర ఏదీ అంటే “పారేశాం సార్, పనికిరాదుగా” అన్నాడు.

అసలు సంగతి ఇంకోటి. అది నాది కాదు. మా పిన్ని కొడుకుది, ఆడి ఇస్తానని తీసుకున్నాను. వాడికి చెప్పకుండా, బాగుచేసి ఇస్తే సంబరపడతాడని లైటు పెట్టించాను. వాడు ఆన్ చేసి చూసి, “నీ దగ్గరే ఉంచుకో అన్నయ్యా” అన్నాడు. అంతే. కోప్పడినా బావుండేది. పెళ్ళిళ్ళలో కలిస్తే మాట్లాడతాడు, ఇంటికి రాడు.

చత్వారం
అయితే మీ బాధ లైటు గురించి కాదు, అడగకుండా పెట్టించినందుకు.

రెండుసెల్లులు
ఎండలో ఐపీఎస్ వెలవెలబోయేది కూడా నిజమే.

సోల్డర్ సుబ్బు
ఎండ విషయం ఒప్పుకుంటాను. ఇందాక నోరు జారాను, ఏమనుకోకండి.

కీర్తన నాన్న
నా పిన్నుల ప్రశ్న అలాగే ఉండిపోయింది.

సోల్డర్ సుబ్బు
క్షమించాలి. వెనక మూత విప్పి, తెర రిబ్బన్ బోర్డులో గుచ్చుకునే చోట లెక్కపెట్టండి. మూడు రెక్కల మొన ఉన్న స్క్రూడ్రైవర్ కావాలి, మామూలుది పెడితే స్క్రూ తల అరిగిపోతుంది. ఈమధ్య చాలా కిట్లలో రెండు రకాల రిబ్బన్లూ ఇస్తున్నారు, కాబట్టి పెద్ద టెన్షన్ లేదు.

కీర్తన నాన్న
మామయ్యని ఫోన్లో అడిగాను. “నేను తెచ్చింది ఆడుకోమనే కదరా” అన్నాడు. వేయిస్తున్నాను, కొత్త డబ్బాతో. పాత డబ్బా దాస్తాను.

రెండుసెల్లులు
తెర కూడా దాచండి. లేదా మీకు అక్కర్లేకపోతే నాకు పంపండి, కొరియర్ ఖర్చు, తెర ఖరీదు నేనిస్తాను.

కీర్తన నాన్న
అయ్యో, ఖరీదెందుకండీ. మాది విప్పాను, 40 పిన్నులది. మీ తమ్ముడిది?

రెండుసెల్లులు
తెలీదు. విప్పాలి. సుబ్బుగారూ, ఆ మూడు రెక్కల స్క్రూడ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?