లెస్టర్‌లో కుట్టిన చొక్కాలకు డబ్లిన్‌లో 12% సుంకం తప్పే దారి ఉందా?

భారత్ నుంచి తెప్పించిన కాటన్ బట్టతో బ్రిటన్‌లోని లెస్టర్‌లో చొక్కాలు కుట్టి ఐర్లాండ్‌లోని (అంటే ఈయూలోని) డబ్లిన్ షాపులకు పంపే చిన్న యూనిట్ కోసం అడుగుతున్నాను. 2021 నుంచి బ్రిటన్-ఈయూ ఒప్పందంలో సుంకం సున్నాయే, కానీ అది బ్రిటన్ మూలం (ఆరిజిన్) ఉన్న సరుకుకే, అంటే నియమాల ప్రకారం బ్రిటన్‌లో తయారైనట్టు లెక్కకొచ్చే సరుకుకే. 6205 కస్టమ్స్ కోడ్ కిందికొచ్చే చొక్కాలకు (నేసిన బట్టతో కుట్టిన మగవాళ్ల చొక్కాలు) ఆ మూలం దక్కాలంటే నేత, కత్తిరింపు, కుట్టు అన్నీ బ్రిటన్‌లోనో ఈయూలోనో జరగాలి. ఒట్టి కుట్టుపని చాలదు, అందుకే 12% పడుతోంది. చిన్న యూనిట్లకు మిగిలే లాభమే అంత ఉండదు! పోర్చుగల్‌లో నేసిన బట్ట వాడితే మూలం దక్కుతుంది గానీ ధర గిట్టదు.

నియమంలో ఇంకో దారి కూడా ఉంది: ముందు బట్టకు ప్రింటింగ్, ఆ తర్వాత కత్తిరింపు, కుట్టు. ఇక్కడే సందేహం. థాను మొత్తానికీ ప్రింట్ వేయాలా, అంచు వరకు వేస్తే ఒప్పుకుంటారా? ఇన్‌వార్డ్ ప్రాసెసింగ్ (ముడిసరుకు తెచ్చి, పని చేసి, తిరిగి ఎగుమతి చేసేవారికి సుంకం మినహాయింపు) కింద బ్రిటన్ సుంకం కట్టకుండా తెచ్చిన బట్టకూ ఇది వర్తిస్తుందా? ఇన్‌వాయిస్ మీద ఆరిజిన్ స్టేట్‌మెంట్ (సరుకు మూలం ఇదని ఎగుమతిదారు ఇచ్చే ప్రకటన) రాశాక ఆధారాలు 4 ఏళ్లు దాచాలి కదా, ప్రింటింగ్ చేసినవాళ్ల దగ్గర ఏయే కాగితాలు తీసుకోవాలి? ఐరిష్ కస్టమ్స్ తనిఖీ ఎదుర్కొన్నవారు దయచేసి వివరంగా చెప్పండి.