కొత్తగా నేర్చుకునేవాళ్ళ బొమ్మ మీద మనం పెన్సిల్ పెట్టొచ్చా?

సన్నగీత:
నిన్న ఒకమ్మాయి ఇక్కడ రెండు అభ్యాసాలు పెట్టింది. ఒకటి స్టీలు గ్లాసు, రెండోది సీతాఫలం. సాయంత్రానికల్లా కింద 22 సలహాలు చేరాయి. ఇద్దరైతే ఆమె బొమ్మ మీదే ఎర్రగీతలు గీసి, దిద్ది పెట్టారు. రాత్రికి ఆ అమ్మాయి పోస్టు తీసేసింది. నాకు చాలా బాధేసింది.

నా అభిప్రాయం చెబుతాను. మొదటి నెలల్లో ఎవరి బొమ్మ మీదా మనం గీయకూడదు. ఒక్క తప్పే చెప్పాలి, అదీ మిగతా తప్పులకు మూలమైనదాన్ని వెతికి చెప్పాలి.

ఆ సీతాఫలమే తీసుకోండి. షేడింగ్ చాలలేదన్నారు, ముదురు గీత పడే 6బి పెన్సిల్ వాడమన్నారు, వేలితో రుద్దొద్దన్నారు, అవుట్‌లైన్ ముదురుగా ఉందన్నారు. అన్నీ నిజమే. కానీ అసలు సమస్య పండు మీది కళ్ళ దగ్గర, అంటే ఆ గుబ్బల దగ్గరుంది. పండు నడుమ ఉన్న కన్ను మనకు ఎదురుగా ఉంటుంది కాబట్టి వెడల్పుగా కనిపిస్తుంది. పండు అవతలికి తిరిగేకొద్దీ కన్ను సన్నబడుతుంది, పక్క కన్నుతో ఒరుసుకుంటుంది. చివరికి అంచు గీతే ఎగుడుదిగుడుగా మారుతుంది. ఆమె అన్నింటినీ ఒకే సైజు గుండ్రాలుగా వేసింది, అందుకే పండు పళ్ళెంలా పరుచుకుంది. దాని మీద ఎంత షేడింగ్ వేసినా పండు పైకి లేవదు.

నేనైతే ఇంతే అడిగేవాణ్ణి: "పండు చేతిలో పట్టుకుని నడిమి కన్ను ఒకటి, అంచు కన్ను ఒకటి, ఈ రెండే గీసి పెట్టమ్మా."

నల్లబల్ల:
నేను ఒప్పుకోనండి. 20 ఏళ్ళుగా బడిలో డ్రాయింగ్ చెబుతున్నాను, లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు పిల్లల్ని తయారుచేశాను. గ్లాసు వేయమంటే మొదట్లో దాదాపు ప్రతివాడూ నోరు గుండ్రంగా వేసి, అడుగు మాత్రం స్కేలుతో గీసినట్టు తిన్నగా వేస్తాడు. "బల్ల చదునుగానే ఉంది కదా సార్" అంటాడు. ఎలిప్స్ గురించి, అంటే గుండ్రాన్ని ఏటవాలుగా చూస్తే కనిపించే కోలాకారం గురించి, అరగంట చెప్పినా ఎక్కదు. వాడి బొమ్మ మీదే అడుగు వంపు ఒక్కసారి గీసి చూపిస్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తాడు. మనందరం పలక మీద ఓనమాలు దిద్దే కదా నేర్చుకున్నాం? అప్పుడు లేని తప్పు ఇప్పుడెలా వచ్చింది?

నూనెరంగులు:
నాది వేరే అభ్యంతరం. ఆకారం వచ్చేదాకా టెక్స్చర్, అంటే పైపొర గరుకుదనం, ముట్టుకోవద్దని ఇక్కడ చాలామంది చెబుతుంటారు. డ్రాబాక్స్ అనే ఆన్‌లైన్ డ్రాయింగ్ పాఠాల్లో 250 పెట్టెలు గీసే ఛాలెంజ్ ఉంది, అది అందరికీ గుర్తుంటుంది. గీసే సమయంలో సగం సొంత సరదాకే ఉంచుకోవాలన్న నియమం కూడా ఆ పాఠాల్లోనే ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. కొత్తవాళ్ళకు పొలుసులు, బెరడు, పీచు గీయాలనే ఉంటుంది. ఆ ఇష్టాన్ని ఆపితే మానేస్తారు.

1515లో జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ వేసిన ఖడ్గమృగం చూడండి. ఆయన ఆ జంతువును కళ్ళతో చూడలేదు. వీపు మీద లేని చిన్న కొమ్ము పెట్టాడు, ఒళ్ళంతా కవచం రేకులు తొడిగాడు. ఆకారం తప్పే. కానీ ఆ చర్మం చేతికి తగులుతున్నట్టే ఉంటుంది.

సన్నగీత:
మాస్టారూ, ఓనమాలు దిద్దడంలో గురువు రాసిన అక్షరం మీద శిష్యుడు చెయ్యి తిప్పుతాడు. శిష్యుడు రాసినదాన్ని గురువు కప్పేయడు. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తోంది.

మీ గ్లాసుకే వద్దాం. గ్లాసు బల్ల మీద పెట్టి, పిల్లవాణ్ణి కన్ను దాని అంచు ఎత్తుకు దించమనండి. నోరు సన్నటి గీత అయిపోతుంది, అడుగు మాత్రం వంపుగానే ఉంటుంది. మెల్లగా లేవమనండి. రెండూ విచ్చుకుంటాయి, అడుగు నోటికంటే కాస్త ఎక్కువే విచ్చుకుంటుంది. మనం గీసిస్తే వాడికి ఆ గ్లాసే వస్తుంది. వాడే లేచి చూస్తే బకెట్టూ, స్తంభమూ, బావి ఒరా కూడా వస్తాయి.

నూనెరంగులు గారూ, టెక్స్చర్ ఆపమని నేను అనలేదు. డ్యూరర్ బొమ్మలో కడుపు దగ్గర చూడండి, రేకుల అంచులు ఒంటి వంపుతో పాటే తిరుగుతాయి. జంతువు తప్పైనా దాని గుండ్రదనం తప్పలేదు. సీతాఫలంలో లోపించింది అదే. టెక్స్చర్ గురించి చెబుతూనే ఆకారం నేర్పొచ్చు.

నల్లబల్ల:
గ్లాసు దగ్గర లేచి కూర్చోమనడం బాగుంది, రేపు చేయిస్తాను. పక్క కాగితం మీద గీసి చూపించమంటే అదీ సరే. కానీ 60 మంది ఉన్న క్లాసులో, పరీక్ష నెలలో ఉంటే, ఒక్కొక్కడూ తనంతట తాను చూసేదాకా ఆగలేను. అక్కడ మాత్రం వాడి బొమ్మ మీదే గీస్తాను. ఇందులో నా మాట మార్చుకోను.

కొత్తపలక:
నమస్తే అండీ, ఆ సీతాఫలం నాదే. తప్పులు చెప్పారని తీసేయలేదు. 22 మాటల్లో ఏది ముందు చేయాలో తెలియక టెన్షన్ వచ్చేసింది. ఎర్రగీతల బొమ్మ నిజంగా బాగుంది, కానీ మళ్ళీ వేయబోతే చేతికి రాలేదు.

ఇవాళ పండు చేత్తో పట్టుకుని అంచు కన్ను ఐదుసార్లు వేశాను. మూడోసారి దాకా గుండ్రంగానే వచ్చింది. నాలుగోసారి ఒక కన్ను మూసుకుని చూసి వేస్తే సన్నబడింది. ఒక్క డౌట్: కళ్ళ మధ్య సందుల్లో నలుపు అన్నిచోట్లా ఒకేలా వేయాలా?

సన్నగీత:
వద్దమ్మా. పండును కిటికీ పక్కన పెట్టి, గదిలో లైటు ఆపేసి చూడండి. వెలుతురు నేరుగా పడేచోట సందులు దాదాపు మాయమవుతాయి, అక్కడ గీత మధ్యలోనే వదిలేయండి. వెలుగు నీడలోకి జారేచోట గుబ్బలు బాగా తేలతాయి, నలుపంతా అక్కడ పెట్టండి. పూర్తి నీడలో మళ్ళీ అన్నీ కలిసిపోతాయి. ఆ ఐదు కళ్ళూ పెట్టండి, గుండ్రంగా వచ్చిన మూడూ తీసేయకుండా.