స్టాఫ్ రూమ్ చీటీ: ఎత్తినవారికి ఎంత, ఆగినవారికి ఎంత?

లెక్కల మాస్టారు:
ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ ఏళ్ళ తరబడి చెబుతున్నాను. నా చీటీకి పడిన వడ్డీ మాత్రం మొన్న ఆదివారం దాకా లెక్క కట్టలేదు. ఇరవై మందిమి, నెలకు 10,000, రెండు లక్షల చీటీ. అమ్మాయి కాలేజీ ఫీజు కోసం నాలుగో నెలలో 40,000 తగ్గించి పాడాను. చేతికి 1,60,000 వచ్చింది. ఆ తగ్గించిన 40,000లో చీటీ నడిపేవారి కమిషన్ 10,000 పోగా మిగిలిన 30,000 ఇరవై మందికీ పంచితే మనిషికి 1,500. అంటే మొదటి నాలుగు నెలలూ 8,500 చొప్పున కట్టాను (ఆ నాలుగు పాటలూ 40,000కే పోయాయి). తర్వాత పాట పడిపోయింది, మిగతా పదహారు నెలలు సగటున 9,250. మొత్తం 1,82,000 కట్టాను. తేడా 22,000.

ఇరవై నెలలకు ఇరవై రెండు వేలేగా అనుకున్నాను. కానీ తీసుకున్నదాంట్లో 34,000 నేను కట్టిన సొమ్మే. అసలు అప్పు 1,26,000, అదీ నెలనెలా తరుగుతూ పోయింది. ఆ లెక్కన నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. బ్యాంకులో బంగారం పెడితే రూపాయి లోపే అయ్యేది.

తెలుగు టీచర్:
మరి చివరిదాకా ఆగినవాళ్ళ సంగతేమిటి మాస్టారూ? మా స్టాఫ్ రూమ్‌లో నేను ఎప్పుడూ చివరి చీటీయే.

లెక్కల మాస్టారు:
అదీ చూశాను మేడమ్. వాళ్ళూ 1,82,000 కట్టి 1,90,000 తీసుకుంటారు. ఏడాదికి ఐదున్నర శాతం వస్తుంది. జీపీఎఫ్‌కు, అదే మన ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధికి, 2020 నుంచి 7.1 శాతం ఇస్తున్నారు.

తెలుగు టీచర్:
నా ముచ్చట కాస్తా తీసేశారు. అయినా మానను. చీటీ కట్టకపోతే ఆ పది వేలు ఇంట్లో ఉంటాయా? ఏదో ఒక పెళ్ళికి చదివింపుల కింద పోతాయి. నలుగురిలో పరువు పోతుందన్న భయంతోనే నేను పొదుపు చేస్తాను.

సీపీఎస్ బాధితుడు:
జీపీఎఫ్ ఉన్నవాళ్ళు ఆ మాట హాయిగా అంటారు. 1-9-2004 నుంచి చేరిన మాకు అది లేదు, సీపీఎస్ అనే వాటా పెన్షన్ పథకమే ఉంది. పెన్షన్ సంగతి అందరూ మాట్లాడతారు, అప్పు సంగతి ఎవరూ ఎత్తరు. మీకు ఇల్లు కట్టాలన్నా పిల్లకు పెళ్ళి చేయాలన్నా జీపీఎఫ్‌లోంచి తీసుకునే దారి ఉంది. మాకు జీతంలో పది శాతం కోసి పక్కన పెడతారు. మూడేళ్ళు నిండాక, చెప్పిన కారణాలకు, మా వాటాలో పాతిక శాతం దాకా తీసుకోవచ్చు. దానితో పెళ్ళి మండపం అడ్వాన్సు ఇవ్వగలం, అంతే. మా స్టాఫ్‌లో మొదటి ఐదు నెలల్లో పాడేది ఎవరో చూడండి, అందరూ మా బ్యాచ్ వాళ్ళే.

ప్రైవేటు టీచరమ్మ:
మీరంతా ఏ తలుపు తట్టాలా అని చూస్తున్నారు. నా జీతం 14,000, వేసవి సెలవుల్లో అదీ ఉండదు. వ్యక్తిగత రుణం అడిగితే జీతం స్లిప్ తెమ్మన్నారు, మా బడిలో ఇచ్చేది కవరు. వెయ్యి రూపాయల చీటీ కడుతున్నాను, ఏప్రిల్‌లో ఎత్తుతాను. మే, జూన్ బియ్యం దానితోనే. రెండు రూపాయలైనా, మూడైనా.

రిటైర్డ్ హెచ్‌ఎం:
అమ్మా, కట్టు, తప్పులేదు. ఎవరి దగ్గర కడుతున్నావో చూసుకో. మా ఇంటి శ్లాబు చీటీ డబ్బుతోనే పడింది. రెండో చీటీ నడిపినాయన పదకొండో నెలలో దివాలా అంటూ ఐపీ పెట్టాడు. నా దగ్గర ఉన్నదల్లా నోటుపుస్తకంలో ఆయన పెట్టిన పొట్టి సంతకాలు పది. 1982 చట్టం ప్రకారం చీటీ రిజిస్టర్ కావాలి, కమిషన్‌కూ హద్దుంది. 2019లో దాన్ని 5 నుంచి 7 శాతానికి పెంచారు. మన స్టాఫ్ రూమ్ చీటీలకు ఏ కాగితం ఉంటుంది చెప్పండి? అప్పుడు నేనూ అడగలేదు. రోజూ పక్క కుర్చీలో కూర్చునే మనిషిని ఏమని అడుగుతాం.

తెలుగు టీచర్:
మాస్టారూ, ఈ లెక్క మీ స్టాఫ్‌కు చెప్పారా?

లెక్కల మాస్టారు:
ఇంకా లేదు మేడమ్. కొత్త చీటీ మొదటి పాట రేపు సాయంత్రం నాలుగున్నరకు. కొత్తగా చేరిన సైన్స్ మాస్టారు ఎంతకైనా పాడతానంటున్నాడు, వాళ్ళ నాన్నకు ఆపరేషన్. నా పేరున ఉన్న బంగారం రుణం రసీదు జేబులో పెట్టుకుని వెళ్తున్నాను, ముందు అతణ్ణి బ్యాంకుకు తీసుకెళ్ళాలి. ఇంట్లో బంగారం ఉందో లేదో అడగాలి.